తాడు ఎవరి చేతిలో ఉంది? పట్రోల్ లీడర్ల రెండు రోజుల క్యాంపు: ఒక కేస్ స్టడీ

వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల కింద, ఒక రైతు మామిడితోట పక్కనున్న బీడులో మేము వరసగా రెండేళ్లు స్కౌట్, గైడ్ పట్రోల్ లీడర్లకు క్యాంపు పెట్టాం. రెండుసార్లూ డిసెంబరులోనే, రెండో శనివారం సెలవు కలిసొచ్చేలా. మొదటి క్యాంపు చూసినవాళ్లంతా చాలా బాగా జరిగిందన్నారు. నా లెక్కలో అది ఫెయిలైంది. రెండోది చూడటానికి గందరగోళంగా ఉంది. ఒక పట్రోల్ రాత్రి తొమ్మిదింపావుకు గానీ అన్నం తినలేదు, ఒక అబ్బాయి వేలికి కుట్లు పడ్డాయి. అయినా పిల్లలు తమ స్కూళ్లకు ఏదైనా పట్టుకెళ్లారంటే రెండో క్యాంపు నుంచే పట్టుకెళ్లారు. ఈ పని చేస్తున్న తోటి స్కౌట్ మాస్టర్లకు, గైడ్ కెప్టెన్లకు పనికొస్తుందని రెండింటి సంగతీ వివరంగా రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పద్నాలుగేళ్లుగా స్కౌట్ మాస్టర్‌ని. స్కౌటింగ్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ట్రూప్‌లోని పిల్లల్ని ఆరు నుంచి ఎనిమిది మంది చొప్పున చిన్న గుంపులుగా చేస్తాం. అదే పట్రోల్. స్కౌట్ల పట్రోళ్లకు జంతువుల పేర్లో పక్షుల పేర్లో పెడతాం, గైడ్లవైతే, అంటే ఆడపిల్లలవైతే, పూల పేర్లు. ఒక్కో పట్రోల్‌కు ఒక లీడర్, సాధారణంగా ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లవాడు. స్కౌట్ మాస్టర్ నేరుగా ముప్పైమందికి నేర్పడు. లీడర్లకు నేర్పుతాడు, లీడర్లు తమ పట్రోల్‌కు నేర్పుతారు. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపులోనే సుమారు ఇరవైమంది పిల్లల్ని నాలుగు పట్రోళ్లు చేసి, పెద్ద పిల్లల చేతికి బాధ్యత అప్పజెప్పాడు. 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడినప్పటి నుంచి మన దగ్గరా పుస్తకంలో ఉన్నది ఇదే. పుస్తకంలో ఉన్నది నేలమీద ఉందా అనేదే నా బాధ.

మొదటి ఏడాది

మూడు స్కూళ్ల నుంచి 24 మంది లీడర్లు, అసిస్టెంట్ లీడర్లు వచ్చారు. పన్నెండుమంది స్కౌట్లు, పన్నెండుమంది గైడ్లు. మేము టైమ్‌టేబుల్ వేశాం. తొమ్మిదిన్నరకు ముడులు, పదిన్నరకు లాషింగ్ (కర్రలను తాడుతో కలిపి బిగించి కట్టడం), పన్నెండింటికి ప్రథమ చికిత్స, భోజనం తర్వాత దిక్సూచి, సాయంత్రం మంట రాజేయడం. పెద్దవాళ్లం నలుగురం వంతులవారీగా చెప్పాం. వంటకు ఊళ్లోంచి ఒక వంటమనిషిని పెట్టుకున్నాం. ఆదివారం సాయంత్రం పరీక్ష పెడితే ఇరవైమందికి పైగా క్లోవ్ హిచ్, షీట్ బెండ్, బౌలైన్ అనే మూడు ముడులూ తడుముకోకుండా కట్టారు. ఫోటోలు దిగాం, సర్టిఫికెట్లు ఇచ్చాం.

ఆరు వారాల తర్వాత మూడు స్కూళ్లకూ వెళ్లాను. లీడర్లను పక్కన నిలబెట్టి, వాళ్ల పట్రోల్‌లోని చిన్నపిల్లల చేతికి తాడిచ్చి షీట్ బెండ్ కట్టమన్నాను. ఒక స్కూల్లో ఒక్కరికీ రాలేదు. రెండో స్కూల్లో ఇద్దరికి వచ్చింది. వాళ్లూ ఇంట్లో అన్న దగ్గర నేర్చుకున్నారట. మూడో స్కూల్లో తాళ్లు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళంచెవి ఉన్న టీచర్ సెలవులో ఉన్నారు. ఒక లీడర్‌ని "నువ్వు వీళ్లకు నేర్పలేదా?" అని అడిగితే, "నేర్పిన సార్, కట్టి చూపించిన" అన్నాడు. వాడు నిజమే చెప్పాడు. మేము వాడికి నేర్పింది కట్టి చూపించడమే. పక్కవాడి చేత కట్టించడం ఎలాగో క్యాంపులో ఎక్కడా నేర్పలేదు.

ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మా క్యాంపులో అందరికన్నా బాగా కట్టిన పిల్లలే తమ స్కూల్లో అందరికన్నా తక్కువ నేర్పారు. చేయి తిరిగినవాడికి పక్కవాడి తడబాటు చూస్తూ ఊరుకోవడం కష్టం. "ఇటియ్, నేను కడత" అని లాక్కుంటాడు. తప్పు వాడిది కాదు. మేము కూడా వాళ్ల దగ్గర అదే చేశాం.

రెండో ఏడాది ఏం మార్చాం

ఒక్కటే పెద్ద మార్పు. లీడర్లు పన్నెండుమందే. ప్రతి లీడరూ తన పట్రోల్‌లో అందరికన్నా చిన్న పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకురావాలి. అంటే ఎక్కువమంది ఆరో తరగతి వాళ్లు. మళ్లీ 24 మందే, కానీ పన్నెండు జతలు. మూడు జతలు కలిస్తే ఒక క్యాంపు పట్రోల్: నెమలి, పులి, మల్లె, కమలం. మేము పెద్దవాళ్లం లీడర్లకు మాత్రమే చెబుతాం, అదీ ఒక్కో విషయానికి ఇరవై నిమిషాలు. తర్వాత లీడర్ తన జతకు నేర్పాలి. లీడర్ కట్టిన ముడికి మార్కులు లేవు. చిన్నవాళ్లు కట్టినదానికే మార్కులు. నేర్పుతున్నంతసేపూ లీడర్ చేతులు వెనక్కి కట్టుకుని ఉండాలి. వంటమనిషి లేరు. ఏ పట్రోల్ వంట ఆ పట్రోల్‌దే.

గైడ్ల గురించి ఒక మాట. మొదటి ఏడాది స్కౌట్లకు టెంట్లు వేశాం, గైడ్లను ఊరి బడిలో పడుకోబెట్టాం. భద్రత అనుకున్నాం. ఆఖరిరోజు ఒక గైడ్ లేచి, "టెంట్ వేయడం మాకూ నేర్పిన్రు గదా మేడం, అందుల పడుకునేది మాత్రం వాళ్లేనా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. రెండో ఏడాది రైతు ఇంటికి ఆనుకుని కంచె ఉన్న వైపు గైడ్ల టెంట్లు వేశాం. వాటి మధ్యలో గైడ్ కెప్టెన్లు ఇద్దరి టెంటు. విడిగా మరుగు, విడిగా నీళ్ల డ్రమ్ము. తల్లిదండ్రులను ముందే పిలిచి స్థలం చూపించాం. ఒక్కరూ వద్దనలేదు.

స్థలం చూడటం

క్యాంపుకు పది రోజుల ముందు నేనూ ఒక గైడ్ కెప్టెనూ వెళ్లి పొద్దంతా అక్కడే తిరిగాం. రిజర్వు అడవిలో మంట పెట్టకూడదు కాబట్టి పట్టా భూమే చూసుకోవాలి. తోట రైతు మంచివాడు, కానీ ఒకే షరతు పెట్టాడు: "చెట్ల కింద మంట పెట్టకుండ్రి సార్, పూత వచ్చే టైము." పూతకు ముందు మందు కొడతారు కాబట్టి, ఈ మధ్య కొట్టారా అని మేమే అడిగాం. కొట్టలేదన్నాడు. అందుకే తోటలో కాకుండా పక్క బీడు తీసుకున్నాం.

తల ఎత్తి చూడటం మర్చిపోవద్దు. బీడు అంచున ఉన్న పెద్ద మర్రిచెట్టుకు పెద్ద తేనెపట్టు ఉంది. దాని కింద పొగ పెట్టామంటే ఈగలు ఊరి దాకా తరుముతాయి. పొయ్యిలన్నీ గాలివాటం చూసి అవతలి కొసకు మార్చాం. ఇది మొదటి ఏడాది మాకు తట్టనే లేదు. అప్పుడు మా వంట ఆ మర్రిచెట్టుకు ముప్పై అడుగుల దూరంలోనే జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

మిగతావి అందరూ చేసేవే. దగ్గరి ఆసుపత్రికి దారి, అక్కడ ఆదివారం ఎవరుంటారు, 108 వాళ్లకు చెప్పడానికి ఊరి గుర్తు, రాత్రంతా ఒక కారు, దాని తాళంచెవి ఎవరి దగ్గర, పోలీస్ స్టేషన్‌కు కబురు. నీళ్లు మాత్రం మొదటి ఏడాది తప్పు లెక్క వేశాం. తాగడానికని మనిషికి మూడు లీటర్లు అనుకున్నాం, గిన్నెలు కడగడం మర్చిపోయాం. రెండో ఏడాది 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు పెట్టించాం. తాగే నీళ్లకు వేరే క్యాన్లు.

శనివారం: మొరం నేల

పొద్దున తొమ్మిదికి దిగారు. జెండా ఎగరేయడం, ప్రార్థన అయ్యాక టెంట్లు. అనంతగిరి చుట్టుపక్కల నేల ఎర్ర మొరం. మేకు అంగుళం దిగి ఆగిపోతుంది, గట్టిగా కొడితే వంగుతుంది. లీడర్లు సమ్మెటతో వంతులేసుకుని కొట్టారు. చిన్నవాళ్లు గట్టున కూర్చుని చూస్తున్నారు. అరగంట గడిచినా ఒక్క టెంటూ లేవలేదు.

చెప్పాలనిపించింది. నోరు కట్టుకుని నిలబడ్డాను.

కదలిక కమలం పట్రోల్ నుంచి వచ్చింది. అందులో ఒక ఆరో తరగతి పిల్ల వాళ్లింట్లో మేకలున్నాయట. మేకు దిగని చోట తాడును పెద్ద బండరాయికి చుట్టి కడతారని చెప్పింది. లీడర్ ముందు పట్టించుకోలేదు. రెండోసారి చెబితే "సరే, నువ్వే తీసుకురా" అంది. అరడజను రాళ్లు దొర్లించుకొచ్చి, రాయికి రెండు చుట్లు చుట్టి, రెండు హాఫ్ హిచ్‌లు వేసి టెంటు లేపారు. పదిహేను నిమిషాల్లో మిగతా మూడు పట్రోళ్లూ రాళ్ల కోసం పరుగెత్తాయి. ఆ పూట మేము చెప్పాలనుకున్న పాఠం "నేలను బట్టి కట్టు". అది మా నోటి నుంచి కాకుండా మేకలు కాసే పిల్ల నోటి నుంచి వచ్చింది. నాకు అంతకన్నా కావలసింది లేదు.

అప్పుడే రైతు గేదెను తోలుకొస్తూ ఆగి చూశాడు. గుంజకు పలుపు ఎలా కడతారో చూపించమని అడిగాను. కొసను మడత పెట్టి దూర్చాడు, లాగితే ఒక్క దెబ్బకు ఊడింది. పిల్లలు చుట్టూ మూగి పదిసార్లు చేయించుకున్నారు. మన ఊళ్లల్లో బళ్లు కట్టేవాళ్లు, గడ్డి మోపులు కట్టేవాళ్లు, తాటిచెట్లెక్కేవాళ్లు వేసే ముడులను ఎవరైనా ఓపిగ్గా సేకరిస్తే మంచి పాఠ్యపుస్తకం అవుతుందని నాకెప్పటి నుంచో కోరిక.

చేతులు వెనక్కి కట్టిన గంట

పదకొండింటికి ముడులు. మూడే పెట్టుకున్నాం: క్లోవ్ హిచ్, షీట్ బెండ్, బౌలైన్. నా ఆలోచన అక్కడే బెడిసికొట్టింది. చేతులు వెనక్కి కట్టుకోమంటే లీడర్లు నోటికి పని చెప్పారు. "అటు కాదురా, ఇటు. కిందకెళ్లి! కిందకెళ్లి అంటే పైకి తీస్తవేంది?" ఎదురెదురుగా కూర్చోవడంతో లీడర్ కుడి చిన్నవాడికి ఎడమ అవుతోంది. పులి పట్రోల్‌లో ఒక చిన్నవాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నియమం పెట్టింది నేనే కాబట్టి ఆ కన్నీళ్లకు బాధ్యుణ్ణీ నేనే. ఆపేద్దామని ఈల తీశాను కూడా.

మల్లె పట్రోల్ వైపు చూస్తే అక్కడ చప్పుడే లేదు. ఒక లీడర్ తన జతకు ఎదురుగా కాకుండా పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. వెనక్కి కట్టుకోమన్న చేతులు ముందుకొచ్చాయి, కానీ చిన్నదాని తాడు ముట్టుకోవడం లేదు. తన తాడు తను పట్టుకుని ఒక్కో మడతా నెమ్మదిగా వేస్తోంది, ఆగుతోంది, చిన్నది తన తాడుతో అదే వేసేదాకా చూస్తోంది. తప్పు వేస్తే మాట్లాడకుండా తన ముడి విప్పి మళ్లీ మొదలుపెడుతోంది. మాటలు లేవు. నా నియమాన్ని ఆ పిల్ల ఉల్లంఘించి బాగు చేసింది.

ఈల నోట్లోంచి తీసి అందరినీ పిలిచాను. ఆ ఇద్దర్నీ మధ్యలో కూర్చోబెట్టి చూడమన్నాను. నియమం అక్కడికక్కడే మార్చాం: ఇద్దరికీ చెరో తాడు, పక్కపక్కన కూర్చోవాలి, ఎదుటివాళ్ల తాడు ముట్టుకోకూడదు. భోజనానికి లేచేసరికి పన్నెండుమంది చిన్నవాళ్లలో పదిమందికి క్లోవ్ హిచ్ వచ్చింది. బౌలైన్ నలుగురికే వచ్చింది, అది నిజంగానే కష్టం.

తాడు సంగతి ఒకటి. నున్నటి నైలాన్ తాడు కొత్తవాళ్లకు ఇవ్వొద్దు. జారిపోతుంది, సరిగా వేసిన ముడి కూడా ఊడి పిల్లలకు తాము తప్పు చేశామనిపిస్తుంది. నూలు తాడు, వేలంత లావు, రెండు మీటర్లు చాలు. షీట్ బెండ్‌కు రెండు రంగులవి ఇస్తే ఏ తాడు ఎటు పోతోందో కంటికి తెలుస్తుంది.

పప్పు ఉడకని రాత్రి

వంటకు ఒక్కొక్కరికి 125 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు చొప్పున కొలిచి, టమాటాలు, ఉల్లి, నూనె, ఉప్పూ కారం ఇచ్చాం. కందిపప్పు తాండూరుది. 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పప్పు మన పక్క మండలాలదేనని చెబితే పిల్లలు సంబరపడ్డారు. చుట్టూ కోతకొచ్చిన కంది చేలే. కట్టెల కోసం ఒకవైపు రైతు ఇచ్చిన కందికట్టె, ఇంకోవైపు ఎండు తుమ్మ మొద్దులు పెట్టాం. గన్నేరు, జిల్లేడు లాంటి విషపు కొమ్మలు పొయ్యిలో పెట్టొద్దని ముందే గుర్తుపట్టించాం.

నాలుగున్నరకు పొయ్యిలు మొదలు. నెమలి పట్రోల్ మధ్యాహ్నమే పప్పు నానబెట్టుకుంది. ఎవరూ చెప్పలేదు, ఒక చిన్నవాడు వాళ్లమ్మ చేసేది చూశాడట. వాళ్లు ఏడింటికల్లా తినేశారు. మల్లె, కమలం ఏడున్నరకు. పులి పట్రోల్ దగ్గర మాత్రం కష్టాలన్నీ ఒక్కసారే వచ్చాయి. మంట బాగా లేస్తుందని కందికట్టె మొత్తం పొయ్యిలో పెట్టారు. భగ్గుమని పది నిమిషాలు మండి బూడిదైపోయింది. తుమ్మ మొద్దులు చీల్చకుండా అలాగే పెట్టారు, అవి పొగ తప్ప మంట ఇవ్వలేదు. దానికి తోడు పప్పుతో పాటే టమాటాలు వేసేశారు. పులుపు ముందే పడితే పప్పు ఉడకదని ప్రతి ఇంట్లో తెలుసు, పదిహేనేళ్ల మగపిల్లలకే తెలియదు. తెలియకపోవడానికి వాళ్లను ఎవరూ వంటింట్లోకి పిలవకపోవడమే కారణం.

ఎనిమిదైంది. నా చేతులు ఊరుకోవడం లేదు. రెండు మొద్దులు చీల్చి, ఊదుగొట్టంతో నాలుగు ఊదులు ఊదితే అయిపోయే పని. మేము నలుగురం ముందే ఒక మాట అనుకున్నాం. తొమ్మిదిన్నర దాకా వేలు పెట్టకూడదు. అప్పటికీ కాకపోతే కారులో దాచిన బ్రెడ్డు, అరటిపళ్లు తీయాలి. ఆకలితో పిల్లల్ని పడుకోబెట్టేది లేదు. నేను వెళ్లి తోట గట్టున కూర్చున్నాను.

పులి లీడర్ చివరికి నెమలి వాళ్ల దగ్గరికి వెళ్లి, "మీ నిప్పులు కొన్ని ఇస్తరా?" అని అడిగాడు. అడగడానికి వాడికి చాలాసేపు పట్టింది. నెమలి వాళ్లు నిప్పులతో పాటు మనుషుల్నీ పంపారు. మొద్దులు చీల్చారు, అన్నం వండారు, పప్పును మరో గంట మరిగించారు. తొమ్మిదింపావుకు తిన్నారు. పప్పు పలుకుగానే ఉంది. తర్వాత కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో, అంటే లీడర్లంతా కూర్చుని మాట్లాడుకునే సభలో, వాడే లేచి ఏం తప్పు జరిగిందో వరసగా చెప్పాడు. టమాటా సంగతి ఒక గైడ్ వివరించింది.

ఆకాశం

ఈ భాగాన్ని మొదటి ఏడాది పుస్తకం ప్రకారం చెప్పి పప్పులో కాలేశాం. సప్తర్షి మండలం చూసుకుని, దాని రెండు చుక్కల సూటిన పోతే ధ్రువ నక్షత్రం దొరుకుతుందని నేర్పాం. పిల్లలు వల్లె వేశారు. తీరా రాత్రి పైకి చూస్తే సప్తర్షులే లేరు. డిసెంబరు సాయంత్రాల్లో అది మనకు కనబడదు, అర్ధరాత్రి దాటాక గానీ ఉత్తరాన పైకి రాదు. ఇంకొకటి: మన పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు చలిదేశాల ఆకాశం చూసి గీసినవి. అక్కడ ధ్రువతార మనకన్నా చాలా ఎత్తులో ఉంటుంది. అది నేల అంచు నుంచి ఎంత ఎత్తులో కనబడుతుందనేది మనం భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. వికారాబాద్ సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువతార ఇక్కడ 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి బారచాపి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు. అంటే నేల అంచు మీద రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ. మామిడిచెట్ల మధ్య నిలబడితే అది కనబడనే కనబడదు.

అందుకే రెండో ఏడాది ఏడున్నరకు, వంట అయిన పట్రోళ్లను అయినట్టే, చెట్లు అడ్డం లేని పొలం గట్టు మీదికి నడిపించాం. పులి వాళ్లకు తర్వాత విడిగా చూపించాం. తూర్పున పైకి వస్తున్న గొల్లకావడి ముందు చూపించాం. ఆ మూడు చుక్కలు దాదాపు సూటిగా తూర్పున పుట్టి పడమట మునుగుతాయి. పుట్టిన కొద్దిసేపటి దాకా అదే మంచి దిక్సూచి. దానికి పైన పిల్లలకోడి. పుస్తకంలో దాని పేరు కృత్తికలు. ఉత్తరాన, 'ఎం' అక్షరం ఆకారంలో ఐదు చుక్కలు, శర్మిష్ఠ. దాని కింద, నేలకు దగ్గరగా, ఒంటరిగా, అంత వెలుగు లేని చుక్క. పిల్లలు పిడికిళ్లు పేర్చి కొలిచారు. తర్వాత దిక్సూచి తీసి చూస్తే ముల్లు అటే చూపించింది. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా లేనట్టే, పిల్లలకు ఆ దిద్దుబాటు లెక్క చెప్పి తికమక పెట్టనక్కరలేదు. రైతు కూడా మాతో నిలబడ్డాడు. వాళ్ల నాయన గొల్లకావడి ఎక్కడుందో చూసి నీళ్లు కట్టడానికి లేచేవాడట.

రాత్రి చలి బాగానే పడింది. చలి పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువ వస్తుంది. వరిగడ్డి మందంగా పరిచి దాని మీద బొంత వేసినవాళ్లు హాయిగా పడుకున్నారు. గడ్డి దురద పుడుతుందని తీసేసిన ఇద్దరు పెద్దపిల్లలు అర్ధరాత్రి లేచి మళ్లీ తెచ్చుకున్నారు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోమని రాత్రే చెప్పాం. ఒక బూటులోంచి తేలు పడింది. ఆ తర్వాత ఆ మాట ఇంకోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆదివారం: వేలు తెగిన సంగతి

ఇది దాచకుండా రాయాలి. శనివారం కట్టెలు కొట్టే చోటు చుట్టూ తాడు కట్టి, లోపల ఒక్కరే ఉండాలని, చేయి చాపితే ఎవరూ తగలకూడదని నియమం పెట్టాం. ఆదివారం పొద్దున కట్టెల కుప్పను పొయ్యిల దగ్గరికి జరిపాం. తాడు మాత్రం పాత చోటే ఉండిపోయింది. ఉప్మా కోసం పుల్లలు చీలుస్తూ నెమలి పట్రోల్ లీడర్, పక్క నుంచి ఎవరో పిలిస్తే తల తిప్పాడు. కత్తి ఎడమ చూపుడు వేలిని కోసింది. తాడు జరపకపోవడం మా పెద్దవాళ్ల పొరపాటు. ఆ పూట ఆ బాధ్యత నాది.

నేను పరుగెత్తి వెళ్లేసరికి వాడి జత, ఆరో తరగతి పిల్లవాడు, వాణ్ణి కూర్చోబెట్టేశాడు. కిట్‌లోని శుభ్రమైన గుడ్డతో వేలు గట్టిగా నొక్కి, చేయి గుండె కన్నా పైకి ఎత్తి పట్టుకున్నాడు. రక్తం ఆగిందా అని గుడ్డ తీసి చూడటం లేదు. శనివారం మధ్యాహ్నం ప్రథమ చికిత్సలో లీడర్లకు మేము చెప్పింది సరిగ్గా అదే: పది నిమిషాలు తీయకుండా నొక్కు. వాడికి నేర్పింది ఆ తెగిన వేలు వాడే. పసుపు తెమ్మని ఎవరో అరిస్తే, "వద్దు, కడిగి ఆసుపత్రికే" అన్నాడు. కారులో తీసుకెళ్లాం. రెండు కుట్లు, టీటీ ఇంజెక్షన్. ఆసుపత్రి నుంచే వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, ఏం జరిగిందో, తప్పు ఎవరిదో నేనే చెప్పాను. ఇలాంటి మాట తల్లిదండ్రులకు ఇంకొకరి నోటి నుంచి ముందు చేరకూడదు. ఆయన క్యాంపు ముగింపుకు వచ్చాడు, కోప్పడలేదు. పిల్లవాడు మధ్యాహ్నం క్యాంపులోనే ఉన్నాడు.

పాముకాటు పాఠాన్ని ఆ రోజు కాస్త ఎక్కువసేపు నడిపాం, పిల్లల మనసు అటే ఉంది కాబట్టి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర బొమ్మలు చూపించాం. ఏ పామైనా చేయాల్సింది ఒకటే: కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, కాటు పడిన కాలినో చేతినో కదపకుండా ఉంచి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. రెండు కర్రలు, స్కౌట్ చొక్కాలతో స్ట్రెచర్ చేసి, లీడర్లను పడుకోబెట్టి చిన్నవాళ్లు మోశారు. దిక్సూచి నడక, అడుగుల లెక్క మామూలుగానే జరిగాయి. నాలుగింటికి గుంతలు పూడ్చి, బూడిద మీద నీళ్లు పోసి చేత్తో తాకి చూసి, బీడు రైతుకు అప్పజెప్పాం.

ఆరు వారాల తర్వాత

మళ్లీ అదే మూడు స్కూళ్లు, అదే పరీక్ష. ఈసారి క్యాంపుకు వచ్చిన చిన్నవాళ్లను అడగలేదు. రాని పిల్లలను అడిగాను. రెండు స్కూళ్లలో ప్రతి పట్రోల్‌లోనూ కనీసం సగంమంది క్లోవ్ హిచ్, షీట్ బెండ్ కట్టారు. బౌలైన్ ఇంకా అక్కడక్కడే ఉంది. నేను చూడాలనుకున్నది ఒక స్కూల్లో వరండాలో కనబడింది. ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చుని ఉన్నారు, చెరో తాడు, మాటల్లేవు. నేర్పుతున్నవాళ్లలో లీడర్లూ ఉన్నారు, క్యాంపుకు వచ్చిన ఆరో తరగతి వాళ్లూ ఉన్నారు.

మూడో స్కూల్లో పెద్దగా ఏమీ మారలేదు. పిల్లలకు ఆసక్తి ఉంది, లీడర్ మంచివాడు, అయినా స్కౌట్ పీరియడ్‌ను టెన్త్ స్పెషల్ క్లాసులు మింగేశాయి. బీరువా సంగతి కూడా పాతదే. క్యాంపు ఎంత బాగా చేసినా దీన్ని సరిచేయలేదు. అది నేను ఆ స్కూల్ హెడ్మాస్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సిన పని. ఒకసారి మాట్లాడాను, మళ్లీ వెళ్లాలి. ఈలోగా ఆ స్కూల్ పిల్లలకు మనిషికి రెండు మీటర్ల నూలు తాడు కొని ఇచ్చి, ఇంటికి తీసుకెళ్లమన్నాను. బీరువాలో పెట్టొద్దని గట్టిగా చెప్పాను.

వచ్చే డిసెంబరుకు రాసుకున్నవి: కట్టెల చోటు తాడు జరిపే బాధ్యత ఒక మనిషి పేరున రాసిపెట్టాలి, కత్తి పట్టే చేతికి కాక రెండో చేతికి తోలు గ్లవుజు, కందికట్టె సగమే, తుమ్మ మొద్దులు చీల్చడం శనివారం మధ్యాహ్నమే నేర్పాలి, బౌలైన్ తీసేసి దాని బదులు రైతు చూపించిన పలుపు ముడి. మర్రిచెట్టు మీద పట్టు ఉందో లేదో నవంబరులో వెళ్లి చూసి రావాలి.